నున్నటి కొట్టం

మా అపార్టుమెంటు పక్క స్థలంలో కొత్త ఇల్లు లేస్తోంది. గోడలు అయిపోయాయి, ఇప్పుడు నేల పని మీద పడ్డారు. పొద్దున కాఫీ తాగుతుండగానే బండలకు పాలిష్ పట్టే మిషను మొదలవుతుంది. కిటికీలు ఎంత బిగించినా తడిసిన రాతిపొడి వాసన లోపలికి వచ్చేస్తుంది. నంద్యాలలో ఇదేమీ వింత కాదు. బేతంచెర్ల బండలు ఇంత చేరువలో పెట్టుకుని మట్టినేల మీద ఎవరు ఉంటారు? మా ఇంట్లో పరిచినవీ అవే. కానీ ఆ పచ్చి రాతిపొడి వాసన ముక్కుకు తగిలితే మాత్రం నేను ఇప్పటికీ కాఫీ గ్లాసు పక్కన పెట్టేస్తాను. ఒక బర్రెల కొట్టం, గోనెపట్టా మీద చచ్చిన దూడ, దాని పక్కన గొంతుక్కూర్చుని కత్తి నూరుకుంటున్న ఒక పొట్టి మనిషి కళ్ళ ముందుకు వస్తారు. ఆ మనిషి పేరు రూత్. మేమంతా రూత్ మేడం అనేవాళ్ళం. అప్పట్లో నంద్యాలలో మా పశువైద్యులందరికీ పై అధికారి ఆమె.

మీరు ఆమెను చూసి ఉండరు. చూసి ఉంటే గుర్తుండిపోయేది. నేత చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, కాళ్ళకు మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, పొలం గట్ల మీద మగవాళ్ళ కంటే ముందు నడిచేది. నంద్యాల మిషన్ కాంపౌండులో పుట్టి పెరిగింది. తల్లీ తండ్రీ ఇద్దరూ టీచర్లు. ఆమె ఉద్యోగంలో చేరిన కాలానికి ఆడవాళ్ళు పశువుల డాక్టర్లు కావడమే తక్కువ. పల్లెల్లో మొదట్లో ఆమెను చూసి, "డాక్టరు సారు యాడమ్మా?" అని అడిగేవాళ్ళట. "ఆ సారును నేనే. ఎనుమును పట్టుకో" అనేదట బర్రె దగ్గరికి నడుస్తూ. మాట అంతే. నమలడం, నానబెట్టడం తెలియదు. ఎవరినైనా మెచ్చుకోవాలంటే మాత్రం ఆమెకు పళ్ళు పీకినంత పనయ్యేది.

నేను వెలుగోడు పిల్లను. కాలేజీలో మంచి మార్కులు తెచ్చుకుని, ఆళ్ళగడ్డ దగ్గర ఒక పల్లె ఆస్పత్రిలో మొదటి ఉద్యోగానికి చేరాను. కోపం ముక్కు మీద ఉండేది, నాకు తెలియనిది లేదన్న నమ్మకం నాలుక మీద ఉండేది. ఆమె దగ్గరికి మొదటిసారి పని మీద వెళ్ళినప్పుడు, మా ఊళ్ళో ఒక దూడ న్యుమోనియాతో పోయిందని చెప్పాను. ఆమె కళ్ళజోడు పైనుంచి చూసింది.

"చూస్తివా?"

"దగ్గు, జ్వరం, ఎగశ్వాస అన్నీ ఉన్నాయన్నారు మేడం. లక్షణాలన్నీ సరిపోయాయి."

"ఊపిరితిత్తులు చూస్తివా అని అడుగుతాండా."

"లేదు మేడం. అప్పటికే పారేశారు."

"మరి తెలీదని చెప్పు పాపా. ఆ ఒక్క మాటకు నోరు నొప్పి పుడుతుందా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. బస్సులో ఆళ్ళగడ్డ చేరేదాకా కిటికీలోంచి చూస్తూ ఆమెను తిట్టుకుంటూనే ఉన్నాను. కానీ ఆమె అడిగినదాంట్లో నిజం లేకపోలేదు. పాలిచ్చే బర్రె ఒక పూట మేత మానేస్తే ఇంటిల్లిపాదీ డాక్టరు కోసం పరుగెత్తుతారు. దూడ చస్తే మాత్రం ఎవరికీ చెప్పరు, ఊరిబయటి వంకలో పారేసి వచ్చి చేతులు కడుక్కుంటారు. ఎందుకు పోయిందని అడిగితే దిష్టి అంటారు, గాలి సోకిందంటారు, వాటికి ఆయుస్సు అంతే అంటారు. డాక్టర్లం మేమూ తక్కువ తినలేదు. విరేచనాలు పట్టుకుంటే పారుడు అంటాం, బొడ్డువాపు అంటాం, ఏలికపాములు అంటాం. రూత్ మేడం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేది. "మీరు చెప్పేవి పేర్లే, వాళ్ళు చెప్పేవీ పేర్లే. పారుడు ఎందుకొచ్చె? ఆ పొద్దు ఆ ఇంట్లో ఏం జరిగె? అది చెప్పండి" అనేది. అందుకే చచ్చిన దూడ ఉందని తెలిస్తే ఎంత దూరమైనా జీపు వేసుకుని వచ్చేది. బతికిన పశువును చూడటానికి కూడా అంత తొందరపడేది కాదని మా ఆఫీసులో నవ్వుకునేవాళ్ళు.

నాకు ఆమె నిజంగా అవసరమైంది ఆ ఏడాది పశువులకు గాలికుంటు జబ్బు రాకుండా టీకాలు వేసిన తరువాత. దొర్నిపాడు వైపు ఒక పల్లెలో మద్దిలేటి అని బండలు పరిచే మేస్త్రీ ఉండేవాడు. పనిమంతుడు. ఆ ఊళ్ళో సగం ఇళ్ళ నేల అతని చేతి మీదే పడింది. అతనికి మూడు మేలుజాతి బర్రెలు, మూడూ చూడివే. కడుపుతో ఉన్న బర్రెలకు సూది అంటే ఊరంతా వెనకాడింది, ఈచుకుపోతాయని, కడుపు నిలవదని భయం. నేను మద్దిలేటి వాకిట్లో కూర్చుని, వాదించి, ఒప్పించి అతని మూడింటికీ ముందు వేశాను. మద్దిలేటే వేయించుకున్నాడని మిగతావాళ్ళూ వేయించుకున్నారు. ఆ రోజు నేను భుజాలు ఎగరేసుకుంటూ ఇంటికి వెళ్ళాను.

తరువాత మొదటి బర్రె ఈనింది. పెయ్యదూడ. ముచ్చటగా ఉందన్నారు. వారం తిరక్కుండానే పారుకుని పారుకుని కళ్ళు లోపలికి పోయి చచ్చిపోయింది. నేను మందులిచ్చినా నిలవలేదు. కొన్నాళ్ళకు రెండోది ఈనింది. ఆ దూడ మరునాటికే పోయింది. ఇక ఊరికి వేరే కారణం వెతుక్కోవలసిన పని లేకపోయింది. డాక్టరమ్మ సూది కడుపులో ఉన్న దూడకు తగిలిందన్నారు. నేను ఊళ్ళోకి పోతే పిల్లలు కూడా వింతగా చూశారు. మద్దిలేటి తన వాకిట్లో నిలబడి గొంతు పెంచకుండా చెప్పిన మాట ఇంకా నాకు చెవుల్లో ఉంది.

"మూడోదానికి నెల గూడా లేదు గడువు. అది గూడా పోతే ఈ ఎనుములను సంతకు తోలేస్తా. నువ్వు మల్ల ఈ ఊర్లో సూది పెట్టె తెరిచేది ఉండదు. నేను చెప్తే ఇనే ఊరు ఇది. నీకు తెలుసు గదా డాక్టరమ్మా."

తెలుసు. అతను చెబితేనే కదా సూదులు వేయించుకున్నారు. వీధి మలుపు తిరగగానే రూత్ మేడానికి ఫోన్ చేశాను. ఏడుపు ఆపుకుంటూ, "మేడం, మీరొచ్చి టీకా వల్ల కాదని వీళ్ళకు ఒక్క మాట చెప్పండి. పెద్దవాళ్ళు చెబితే వింటారు" అన్నాను. అవతలి నుంచి ఓదార్పు వస్తుందనుకున్నాను. "దూడ యాడుంది?" అని అడిగింది. పారేయబోతున్నారని చెప్పాను. "పారెయ్యొద్దని చెప్పు. చెట్టు కింద నీడన పెట్టమను. వస్తాండా" అని పెట్టేసింది.

ఆమె వచ్చేసరికి వాకిట్లో జనం ఉన్నారు. మద్దిలేటి తల్లి ఓబుళమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఆ ఇంట్లో పాడి అంతా ఆమె చేతిదే. పిండేదీ, కడిగేదీ, ఈత దగ్గర నిలబడేదీ ఆ ముసలామే. ఇంటి పక్కనే కొట్టం. దాన్ని చూస్తే ఎవరికైనా ముచ్చటేసేది. పనులు జరిగిన చోట్ల మిగిలిన పాలిష్ బండలను ఏరి తెచ్చుకుని, సాయంత్రాలు కూర్చుని మద్దిలేటి తన చేత్తో పరిచాడు. అతుకు ఎక్కడుందో కనిపించదు. రెండు పూటలా నీళ్ళు కొట్టి కడిగేవాళ్ళు. బర్రె తన ముఖం తాను చూసుకోవచ్చు. కొట్టమంటే ఇట్లా ఉండాలని నేను చుట్టుపక్కల ఊళ్ళలో చెప్పి మరీ పంపేదాన్ని.

జనంలోంచి ఒకాయన అడిగాడు. "సూది వల్ల కాదని చెప్పనీకి వచ్చినారా పెద్ద మేడం?"

"కాదని నేను చెప్పలా అప్పా" అంది రూత్ మేడం, బూట్లు తొడుక్కుంటూ. "అవునని గూడా చెప్పలా. నాకు తెలీదు. కోసి చూస్తే తెలుస్తాదేమో."

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను ఆమెను పక్కకు లాక్కెళ్ళినంత పని చేశాను. "మేడం, టీకా వల్ల ఇట్లా చావవని మీకు తెలుసు. మీకు తెలిసి కూడా తెలీదంటారా? రేపు నేను ఈ ఊళ్ళో ఎట్లా తిరగాలి?"

"వేరే ఊర్లలో చావలేదని తెలుసు. ఈ దూడ ఎందుకు చచ్చెనో తెలీదు" అంది. తరువాత నా చేతిలో ఉన్న కత్తుల సంచీ తీసుకుంది. "నువ్వు ఆ పక్క నిలబడు పాపా. నీకు ఈ దూడలో ఒకటి కావాల. కావాల్సింది ఉన్నోళ్ళ చేతికి నేను కత్తియ్యను."

అంతమందిలో ఆ మాట అంది. నేను ఆ పక్కకు జరిగి నిలబడ్డాను. ఓబుళమ్మ లేచి వచ్చి, "మీ దేవునికన్నా మొక్కుకోని మొదలుపెట్టమ్మా" అంది. రూత్ మేడం కత్తి నూరుతూనే జవాబిచ్చింది. "ముందు మొక్కితే నాకు కావాల్సిందే కనపడాలని మొక్కుకుంటానక్కా. కోసినాక మొక్కుతా."

కోతకు ముందే ఆమె దూడను చాలాసేపు చూసింది. ముందుకాళ్ళ మోకాళ్ళ మీద వేలు పెట్టింది. వెంట్రుకలు ఊడిపోయి చర్మం పచ్చిగా ఉంది. వెనకకాళ్ళ కీళ్ళ దగ్గరా అంతే. మద్దిలేటిని పిలిచి దూడ గిట్టను తిప్పి చూపించింది. పుట్టిన దూడకు గిట్టల అడుగున మెత్తటి పసుపుపచ్చ పొర ఉంటుంది, తల్లి కడుపుకు గీరుకోకుండా దేవుడు తొడిగిన జోళ్ళలా. లేచి నేల మీద నాలుగడుగులు వేస్తే అరిగి ఊడిపోతుంది. ఈ దూడకు నాలుగు గిట్టలకూ ఆ పొర పుట్టినప్పుడు ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

"ఇది నడిచిందా మద్దిలేటీ?"

"లేచింటాది మేడం. నేను పనికి పోయుంటి."

"లేవబోయె పాపం" అంది ఓబుళమ్మ వెనకనుంచి. "ఎన్నిసార్లు లేవబోయెనో. కాళ్ళు అటొకటి ఇటొకటి పోతాంటే బలం లేని దూడ అనుకుంటి."

అప్పుడు కోసింది. తొడల లోపలి కండ చూపించింది. రెండు పక్కలా కండ చీలి నెత్తురు గడ్డకట్టి ఉంది. తరువాత పొట్ట తెరిచింది. తొలిపాలు తాగిన దూడ పొట్టలో ఆ పాలు జున్నులా గడ్డకట్టి కనబడాలి. ఇందులో కాస్త జిగురు, కొన్ని గడ్డిపోచలు, దూడ తన ఒంటినే నాక్కున్న వెంట్రుకలు ఉన్నాయి. చుక్క పాలు లేవు. కారణం దొరికింది, ఇక మేడం లేస్తుందనుకున్నాను. ఆమె లేవలేదు. గుండె తెరిచింది, ఊపిరితిత్తులు ముక్క ముక్క నొక్కి చూసింది, కాలేయం, మూత్రపిండాలు, మెదడు దాకా పోయింది. నా టీకా దూడకు ఏమైనా చేసి ఉంటే ఎక్కడ ఆనవాలు ఉంటుందో అక్కడల్లా వెతికింది. నా మీద పగ ఉన్నవాళ్ళు కూడా అంత వెతకరు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఊరంతా నిలబడి ఉంది. ఆమె చెయ్యి కదిలినప్పుడల్లా నేను చచ్చి బతికాను.

అన్నీ అయ్యాక తొట్టి దగ్గరికి పోయి చేతులు కడుక్కుని, అక్కడే కాసేపు కళ్ళు మూసుకుని నిలబడింది. తరువాత తిరిగి వచ్చి ఓబుళమ్మ పక్కన గడప మీద కూర్చుంది.

"పాలు ఎప్పుడు తాపితిరక్కా?"

"మాయ పడినాక. దూడ ఎనక అది కడుపులోంచి బయటపడకముందు జున్నుపాలు దూడకు తాపితే మాయ లోపలే ఉండిపోతాది గదమ్మా. ఎనుముకే ముప్పు. పొద్దున ఈనె, మాయ పడేతలికి పొద్దుగూకె. అప్పుడు చన్ను నోట్లో పెడితే దూడకు పట్టే లేదు."

"దూడ తాగితేనే మాయ తొందరగా పడేది."

"మా అత్త కాలం నుంచీ ఇట్లే చేస్తాండాం. ఎన్ని దూడలు బతకలా? ఇప్పుడే తప్పు వచ్చెనా?" అంది ముసలామె. ఆ ప్రశ్నకు నా దగ్గరైతే పుస్తకంలోని జవాబు తయారుగా ఉంది. నోరు తెరవబోయాను. రూత్ మేడం మాత్రం కొట్టం వైపు చూస్తూ కూర్చుంది. ఆ ప్రశ్న ఆమెకు నిజంగానే ప్రశ్న. చివరికి అడిగింది.

"మీ అత్త కాలంలో కొట్టం ఎట్లుండెనక్కా?"

"యాడ కొట్టం? బోదగడ్డి కప్పిన పాక. మట్టినేల."

రూత్ మేడం లేచి కొట్టంలోకి నడిచింది. మద్దిలేటిని బకెట్టు నీళ్ళు తెమ్మని బండల మీద పోయించింది. నా వైపు తిరిగింది. "పాపా, చెప్పులు ఇడువు. మోకాళ్ళూ చేతులూ ఆనించి కూచో. చేతులతో దేన్నీ పట్టుకోకుండా లే."

ఊరు ఊరంతా చూస్తోంది. చేయనంటే ఆమె ఊరుకోదు. చీర ఎగ్గట్టుకుని ఆ తడి బండల మీద దూడలా కూర్చున్నాను. లేవబోతే అరికాలు జారింది. రెండోసారి మోకాలు వెళ్ళి బండకు కొట్టుకుంది. నలుగురు నవ్వారు. మూడోసారి కాళ్ళు రెండూ చెరో దిక్కుకు పోయి, తొడలో నరం పట్టేసి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఓబుళమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అదక్కా సంగతి" అంది రూత్ మేడం. "మీ అత్త కాలంలో గూడా మీరు మాయ పడేదాకా తాపలా. కానీ మట్టినేల మీద దూడ తానే లేచి, మీరు పని మీద అటు తిరిగినప్పుడు దొంగతనంగా తాగేసేది. మీ ఆచారాన్ని దూడలే తప్పుతాండె కాబట్టి దూడలు బతికె. ఈ నేల మీద దొంగతనం చేసేదానికి కాళ్ళు నిలవలా. మొదటిదాన్ని నేను కోసి చూడలా గానీ, దానికి గూడా జున్నుపాలు ఆలస్యమై పారుడుకు తట్టుకునే బలం లేకపోయెనేమో."

నేను ఎన్నో పాఠాలు విన్నాను గానీ ఒక ఇంటి కథ అంతా అట్లా విప్పిపెట్టినవాళ్ళను చూడలేదు. నాకు లేచి గంతులేయాలనిపించింది. అంతలో మద్దిలేటి చేతిలోని బకెట్టు కింద పెట్టాడు. ముఖం నల్లబడి ఉంది.

"అంటే నా బండలు చంపినాయా?"

జనం వైపు తిరిగాడు.

"ఈ ఊర్లో ఇంటింటికీ నేను పరిచిన నేల ఉండాది. ఒకడు వేలెత్తి చూపలా. ఈమె సూదిని కాపాడుకోనీకి నా పనిని తప్పు పడతారా?"

"నీ పనిలో తప్పు లేదప్పా" అంది ఆమె. "మనుషులకు ఎంత నున్నగా పరుస్తావో ఎనుములకు గూడా అంతే నున్నగా పరిచినావు. ప్రేమ ఎక్కువై చేసినావు. ఉలితో గాట్లు పెట్టు, దూడ గిట్ట ఆనేటట్టు. గాట్లలో ఇసుక చల్లు. మూడోది ఈనినప్పుడు నాకు ఫోన్ చెయ్యి, వస్తా."

"అది గూడా పోతే?"

"మల్ల కోస్తా. సూదే అని తేలితే ఈ జాగాలోనే నిలబడి అదే చెప్తా."

ఆ చివరి మాట నా గుండెలో ముల్లులా దిగింది. కారణం దొరికాక కూడా తలుపు తెరిచే పెట్టింది కదా అని కోపం వచ్చింది. తరువాత గడిచిన రోజులు ఎట్లా గడిచాయో నాకే తెలియదు. ఆ ఊళ్ళో టీకాలు ఆగిపోయాయి. పక్క ఊళ్ళకూ మాట పాకింది. మద్దిలేటి ఉలి పట్టలేదని చెప్పుకున్నారు. తన చేతిపనిని తానే చెడగొట్టుకోవడం ఎవరికైనా కష్టమే, నాకు తెలుసు. తెలిసినా లోపల అతన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. ఒక మధ్యాహ్నం ఆ వీధిలోంచి స్కూటీ మీద వెళుతుంటే కొట్టంలోంచి ఉలి చప్పుడు వినిపించింది, పచ్చి రాతిపొడి వాసన వచ్చింది. ఆగి చూశాను. మద్దిలేటి వీధికి వీపు పెట్టి కూర్చుని, అద్దంలా ఉన్న ఆ బండల మీద ఒక్కొక్క గాటూ కొడుతున్నాడు. అడ్డదిడ్డంగా కాదు, కొలిచినట్టు వరసగా. పాడు చేసేటప్పుడు కూడా ఆ చేతికి వంకర రాదు. నేను ఆగినట్టు అతనికి తెలుసు, తిరిగి చూడలేదు. నేనూ పలకరించలేదు. అక్కడే ఏడ్చేస్తానేమోనని స్కూటీ ముందుకు తోలేశాను.

మూడో బర్రె తెల్లవారుజాము నుంచి లేస్తూ పడుకుంటూ ఉందని ఫోన్ వచ్చింది. నేను పోయిన కాసేపటికే రూత్ మేడం కూడా నంద్యాల నుంచి దిగింది. బారెడు పొద్దెక్కాక ఈనింది. దూడ ఇసుక చల్లిన గాట్ల మీద తడిగా పడి ఉంది, తల్లి నాకుతోంది. మాయ పడలేదు. ఓబుళమ్మ పొదుగుకు అడ్డంగా నిలబడి ఉంది. గేటు దగ్గర జనం. నేను వంగి దూడ చంకల కింద చేతులు వేయబోయాను. రూత్ మేడం నా మణికట్టు పట్టుకుంది.

"ఇడువు. నేల సంగతి తెలియాల. లేవలేకపోతే నేనే పిండి నోట్లో పోస్తా, చావనియ్యను. కానీ ముందు లేస్తుందేమో చూద్దాం."

ఆమె వేళ్ళు బిగిసి ఉన్నాయి. అప్పుడు తెలిసింది, ఆమెకూ భయంగానే ఉందని. దూడ తల ఎత్తింది, దించింది. వెనకకాళ్ళు లేపింది, ముందుకు బోర్లా పడింది. జనంలో ఎవరో నిట్టూర్చారు. మళ్ళీ లేపింది. వెనక గిట్ట ఒకటి జారి, గాటు దగ్గర ఆగింది. ఆగిందంటే ఆగింది. మద్దిలేటి గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. దూడ నాలుగు కాళ్ళ మీద వణుకుతూ నిలబడింది. ఏ దిక్కున తల్లి ఉందో తెలియక గోడను మూతితో పొడిచింది. మేత వేసే గాడిపాటును పొడిచింది. తరువాత ఓబుళమ్మ చీర కొంగును నోట్లో పెట్టుకుని చప్పరించడం మొదలుపెట్టింది.

ముసలామె దూడను చూసింది. పొదుగును చూసింది. ఇంకా పడని మాయను చూసింది. మేమంతా ఆమెనే చూస్తున్నాం.  ఓబుళమ్మ మెల్లగా కొంగు దూడ నోట్లోంచి విడిపించుకుని, రెండడుగులు పక్కకు జరిగి, గోడ వైపు తిరిగి నిలబడింది.

"నేను చూడలేదప్పా" అంది గోడతో. "దొంగ ముండది. తాగితే తాగనీ."

దూడ తాగింది. ఆ చప్పుడు తప్ప కొట్టంలో ఇంకేమీ వినబడలేదు. తోక ఆడుతుంటే మద్దిలేటి కూలబడిపోయి, ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. ముసలామె ఇటు తిరిగాక మొదట తోక ఎత్తి చూసింది. "ఇంత కత జరిపి దున్నపోతునా ఈనింది!" అంది. "దున్నకు మాత్రం కడుపు లేదా అక్కా?" అంది రూత్ మేడం. అప్పటికి అందరూ నవ్వారు. మాయ ఆ మధ్యాహ్నమే పడింది. ఓబుళమ్మ దాని గురించి ఏమీ అనలేదు, అనాలని మేమూ అడగలేదు. వెళ్ళేముందు మద్దిలేటి నా దగ్గరికి వచ్చి, "మల్ల ఎప్పుడొస్తావు డాక్టరమ్మా, సూదులకు?" అని మాత్రం అడిగాడు.

ఆళ్ళగడ్డ దాకా ఆమె జీపులోనే వచ్చాను. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. "చూశారా మేడం, నా సూది వల్ల కాదని తేలిపోయింది" అన్నాను. ఆమె రోడ్డు వైపే చూస్తోంది. ఒక్క దూడ బతికితే తేలిపోతుందా అని మందలిస్తుందనుకున్నాను. అది కాదు. చాలా మెత్తగా అడిగింది.

"సూదే అని తేలుంటే ఏం చేసేదానివి పాపా?"

నేను మాట్లాడలేదు.

"ఆ ముసలామె ముందర నిలబడి, నా వల్లే పోయింది అని చెప్పగలిగుంటివా? ఇప్పుడు నాకు చెప్పిన ఈ గొంతుతోనే?"

ఊరు వచ్చేదాకా నేనూ రోడ్డు వైపే చూశాను. ఆమె మళ్ళీ అడగలేదు. దిగేటప్పుడు, "పొద్దున నుంచి ఏమీ తినలా, ఏమన్నా తిను" అని చెప్పి వెళ్ళిపోయింది.

రూత్ మేడం ఇప్పుడు లేరు. ఆమె కూర్చున్న కుర్చీలో నేను కూర్చున్నాను, చచ్చిన దూడ ఉందని ఫోన్ వస్తే నేనూ జీపెక్కుతాను. కొత్తగా చేరిన పిల్లలు కత్తి తీసుకోబోతే, నీకేం కావాలని ముందు అడుగుతాను. వాళ్ళు నన్ను కూడా బస్సులో తిట్టుకుంటూ పోతుంటారని తెలుసు. ఆమె అడిగిన ప్రశ్నకు ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను కాబట్టి, ప్రతి దూడ దగ్గరా కత్తి దించేముందు చెప్పుకుంటాను. నా వల్లే పోయింది. పెదవి కదలకుండా, ఎదురుగా నిలబడ్డ ఆ ఇంటివాళ్ళ ముఖం చూస్తూ, గొంతు తడబడకుండా వచ్చేదాకా చెప్పుకుంటాను. అది సరిగ్గా వచ్చాకే కోస్తాను. చాలాసార్లు ఆ మాటతో పని పడలేదు. పడిన రోజున మాత్రం వెతుక్కోవలసిన అవసరం రాలేదు. నోట్లోనే ఉంది.